చుట్టాలు లేని రాత్రి

తిరుపతిలో కాపురమంటే
తలుపు పక్కన ఎప్పుడూ ఎవరిదో ఒకరి సంచి.
కొర్లగుంటలో మా రెండు గదులు
నాలుగేళ్ళలో ఎందరికి చాపలు పరిచాయో లెక్కలేదు.
గుండు మీద గంధంతో కొండ దిగొచ్చిన పిల్లలు,
"మూడుకి లేపమ్మా" అని చెప్పి
రెండుకే లేచి కూర్చునే పెద్దత్తలు,
టికెట్టు దొరుకుతుందా అని ఫోను చేసే
పేరు గుర్తురాని బంధువులు.

అందుకే ఈసారి
సంచులు మేమే వీపునేసుకున్నాం.
చిన్న పొయ్యి, ఒక గిన్నె, రెండు దుప్పట్లు,
మునిశేఖర్ ఎవర్నో బతిమాలి తెచ్చిన టెంటు.
"యాడికి మేయ్ పొద్దున్నే?"
కిందింటి సుబ్బరత్నమ్మ అడిగింది.
"తీర్థానికి" అన్నాను.
అబద్ధమేం కాదు,
తీర్థమంటే నీళ్ళే కదా.

కాళహస్తి దాటాక స్వర్ణముఖి
ఒకసారి కనపడుతూ ఒకసారి దాక్కుంటూ మాతోనే వచ్చింది.
మా దగ్గర అది ఏరు కాదు,
లారీలెక్కే ఇసుక.
చెలమ తవ్వి బిందె నింపేవాళ్ళమని అమ్మ చెబితే
ఊఁ కొట్టానే గానీ నమ్మలేదు.
వాకాడు దగ్గర దాని ఒంటికి నీళ్ళొచ్చాయి.
పుట్టింట్లో నోరు విప్పని పిల్ల
ఎక్కడికో పోయి కబుర్లు పెట్టుకున్నట్టు
ఆ దరిదాపుల్లోనే సముద్రంతో మాట కలిపిందట.
మాకేం చెప్పలేదు.

తూపిలిపాళెంలో
బండి స్టాండు ఇసుకలో దిగబడుతుంటే
నా చెప్పొకటి కింద పెట్టాం.
సరుగుడు తోపు, ఉప్పుగాలి, పీతల పరుగు.
తడ దాకా వచ్చాక చూసుకుంటే
కాలికి ఒకటే చెప్పు.
"చూసుకోవద్దా?" అన్నాడు.
"స్టాండు నీదా నాదా?" అన్నాను.
తర్వాత ఆరు కిలోమీటర్లు
ఇంజిను ఒక్కటే మాట్లాడింది.

భీములవారిపాళెం రేవులో చెంగయ్య పడవ.
లోతెంత అని అడిగితే
గడ దించి, పైకి తీసి, తడి చూపించాడు.
"మునగను చాలదు, నడవను కుదరదు.
యాడ మీది?"
"తిరుపతి."
గడ ఆగింది. పడవ ఆగింది.
"లడ్డు తెచ్చినారా మరి?"

ఇరకంలో మాకంటే ముందే
మా ఊరి పేరు దిగింది.
వల బాగుచేస్తున్న పోలమ్మవ్వ
వలతో సహా వచ్చి టెంటు ముందు కూర్చుంది.
"ఇల్లు లేదా నాయనా మీకు?"
"ఉంది, అందుకే" అన్నాడు మునిశేఖర్.
అవ్వకి అర్థం కాలేదు.
తన మాట తను చెప్పింది:
ముసలాయన మొక్కున్నాడంట,
ఏడుకొండలెక్కి తలనీలాలిస్తానని.
ఆ జుట్టుతోనే పోయినాడు.
"మొక్కు ఎవురిదైనా
ఎంటికలు ఎవురివైతే ఏంలే అంటావా?"
నేనేమంటాను.
వల కన్నంలోంచి ఒక చేపపిల్లని తీసి
నీళ్ళలోకి విసిరింది.

రాత్రి గాలికి మేకులు ఇసుకలో నిలవలేదు.
చెంగయ్య లంగరు తాడుకి టెంటు కట్టాం.
అవతల శ్రీహరికోట దిక్కున
ఎర్ర దీపం ఒకటి ఆరుతూ వెలుగుతూ.
చుట్టూ ఎవరూ లేరు.
పక్క గదిలో దగ్గు లేదు,
తలుపు సందులో చుట్టాల నీడ లేదు.
అయినా మేము గుసగుసగానే మాట్లాడుకున్నాం.
చాలాసేపటికి గానీ తెలియలేదు.
తెలిశాక మునిశేఖర్ నవ్వాడు,
నాలుగేళ్ళలో నేనెప్పుడూ విననంత గట్టిగా.
ఎక్కడో నీళ్ళు చెదిరిన చప్పుడు.

తెల్లారి చూస్తే
రాజహంసలు ఒంటికాలి మీద నిలబడున్నాయి,
నాలాగే
రెండో చెప్పు ఎక్కడో మరిచిపోయినట్టు.

అవ్వ రొయ్యల పులుసు తెచ్చింది.
"మీ ఇంటికాడ ఒక చాప ఉంటాదా?" అంది.
కొర్లగుంట, నీళ్ళ ట్యాంకు ఎదురు సందు, మేడ మీద.
చెప్పింది నేనే.
"మూడుకి లేపాల, మరి" అంది.

మునిశేఖర్ నా వంక చూశాడు.
నేను టెంటు మడుస్తున్నాను.
ఎన్నిసార్లు మడిచినా
సంచిలో పట్టడం లేదు,
లోపలెక్కడో కాస్త గాలి
బయటికి రానంటోంది.