కొసరు

సార్వా కోతలయ్యి, దాళ్వాకి నీళ్ళొదిలే లోపు
దొడ్డిపట్ల ఏటిగట్టు కింద ఆ పదిహేను రోజులే
మాకు మైదానం.
వరి కొయ్యలు అరికాళ్ళలో గుచ్చుకుంటాయి.
గీతలు మిల్లు ఊక బూడిదతో నేనే గీశాను.
ముప్పయ్యేళ్ళు కాటా గుమస్తాని.
తూకం తప్పని చెయ్యి అని
డ్రిల్లు టీచరు సువార్తమ్మ
నల్లబల్లా సుద్దముక్కా నాకే అప్పజెప్పింది.

బంతి గుండ్రంగా ఉండదు.
ముదురు పోకకాయని ఎవరో నోటితో ఊది
పెద్దది చేసినట్టుంటుంది.
దాన్ని చంకలో ఇరికించుకుని చివరి గీత దాటితే
టచ్‌డౌన్, ఆరు వేయండి అంది.
వేశాను.
అప్పుడే అయిపోలేదండీ, కొసరుంది, అంది.

చేపల బుట్ట దింపుకుని చూస్తున్న నూకాలమ్మ నవ్వింది.
"కొసరంటే తూచాక పైన పడేసేది కదమ్మా,
అరకేజీకి రెండు ఇసుకదొందులు!"

ఇక్కడ అలా కాదు.
గడియారం ఆపేసి మరీ
సంపాదించుకోమంటారు, ఒక్క దెబ్బలో.
దూరం నుంచి తన్ని, రెండు వెదుళ్ళ మధ్య
అడ్డకర్ర పై నుంచి పోనిస్తే ఒకటి.
లేదూ, గీతకి రెండు గజాల్లో నిలబడి
మళ్ళీ మనుషుల్లోంచి బంతిని అవతల పడేస్తే రెండు.
రెండు గజాలంటే నా కాటా బల్ల వెడల్పు.
అందులో పదకొండు మంది అడ్డం.

మొదటిసారి నూకాలమ్మ కొడుకు వీరబాబు తన్నాడు.
వశిష్ఠ మీంచి వచ్చిన గాలి బంతిని
కొబ్బరి మట్టల్లోకి పట్టుకుపోయింది.
ఆరు ఆరుగానే ఉండిపోయింది.
ఏటవతల నుంచి పంటు మీద వచ్చిన జట్టు
ఏడొకసారి, ఆరొకసారి. పదమూడు.
ఎండ గట్టు మీదికి వాలే వేళ
మనవాళ్ళు రెండోసారి గీత దాటారు.
పన్నెండు.

తంతే సమానం. తోస్తే గెలుపు.
సువార్తమ్మ ఎవర్నీ అడగలేదు,
రెండు వేళ్ళు ఎత్తింది.
వీరబాబు బూటు లేసు విప్పుకుంటూ నా పక్కన కూర్చున్నాడు,
తప్పించుకున్నాడో తప్పించారో తెలియని మొహంతో.

బంతి చేతులు మారింది, గాల్లోకి లేచింది,
వాళ్ళ బక్క కుర్రాడొకడు మధ్యలో అందుకున్నాడు.
ఇహ పరుగు. మనవాళ్ళంతా వెనకాల.
మడంతా, ఆ చివర్నుంచి ఈ చివరికి,
బోదె దాకా.
సువార్తమ్మ వచ్చి నెమ్మదిగా అంది,
"వాళ్ళకి రెండు వేయండి. రూలే."

మన కొసరుకి మనం పోతే
ఎదుటివాడికి రెండా?
అదెక్కడి తూకం, అనబోయాను.
సుద్దముక్క బల్ల మీదే ఆగిపోయింది.

బస్తాకి రెండు కేజీలు.
తేమ తరుగు అని రాసేవాణ్ణి, గలగలలాడే ధాన్యానికి కూడా,
షావుకారు కళ్ళజోడు మీంచి చూస్తుంటే.
రైతు ముల్లు వంక చూసేవాడు, తర్వాత నా వంక,
తర్వాత తలగుడ్డ విప్పి దులుపుకునేవాడు.
ఎన్ని బస్తాలో.
ఇక్కడ నయం,
కుర్రాడు పరిగెత్తయినా పరిగెత్తాడు.

పదిహేను వేశాను.

పంటు రెండోసారి హారన్ కొట్టింది.
నూకాలమ్మ ఆ బక్కోడికి అరకేజీ తూచి,
ముల్లు నిలబడ్డాక, పైన రెండు పడేసింది.
"అమ్మా, వాడికా?" అన్నాడు వీరబాబు.
"నోర్ముయ్. బేరం."