పావెకరం

రాత్రి డ్యూటీ. లుసేనా రిఫైనరీలో
ఫిల్టర్ ప్రెస్ విప్పుతున్నాను.
రేకు రేకుకీ అంటుకుని
కాటుక ముద్దలా నల్లపిండి, ఇంకా వెచ్చగా.
గీకితే పెచ్చులు పెచ్చులుగా ఊడి పడుతోంది.
ఇందులో మా బావ పొగ ఉంది.

గుమాకా కొండ వెనక వాలులో
సిసెనాండో కొబ్బరికాయలు కొడతాడు.
వెదురు తడక మీద చిప్పలు పరిచి
కింద గోతిలో పీచూ పెంకులూ రాజేస్తాడు.
అక్కడి ఎండని నమ్ముకుంటే అంతే సంగతులు.
రెండు రాత్రులు మంటని కనిపెట్టుకుని కూర్చుంటాడు.
ఎక్కువైతే కొబ్బరి మాడుతుంది,
తక్కువైతే బూజు పడుతుంది.
దగ్గుకీ దగ్గుకీ మధ్య ఓ పిడికెడు పీచు.
తీరా కాటా దగ్గర
పొగవాసన అని కిలోకి అర పెసో కోత.

పొగ ఊరికే పోదు,
నూనెలోకి దిగి కూర్చుంటుంది.
దానికో పేరుంది, బెంజోపైరీన్.
ల్యాబ్‌లో లువల్హాతి పలికితే
ఎవరో దూరపు చుట్టం పేరులా ఉంటుంది.
ఆవిరి పట్టిస్తే తేలికవి ఎగిరిపోతాయి,
ఈ బరువుది కదలదు.
దీనికి బొగ్గు వేయాలి.
గాలి తోడేసిన గిన్నెలో, సలసలమనే నూనెలో
అరగంట కలియబెట్టాలి.

దేని బొగ్గని మొదటిరోజే అడిగాను.
బస్తా తిప్పి చూపించింది:
కొబ్బరి పెంకు.

నవ్వొచ్చింది.
అన్న తగలేసి పోయిన ఇంటిని
తమ్ముడొచ్చి తుడుస్తున్నట్టు.

"ఇంత గుండ, అంత మసిని ఎక్కడ పెట్టుకుంటుంది?"
"గ్రాము బొగ్గు లోపల
పావెకరం చోటుంటుంది," అంది
కళ్ళద్దాలు తుడుచుకుంటూ.
"అన్నీ గదులే. కిటికీల్లేని గదులు."

ఆదివారం ఈ మాట బావతో చెప్పాను.
కత్తి నూరుతున్నాడు, తలెత్తలేదు.
నలభై ఏళ్ళుగా ఇంకొకరి తోటలో మూడోవంతు వాటా.
"గ్రాములోనా?" అన్నాడు.
"గ్రాములోనే."
కత్తి రెండోవైపుకి తిప్పాడు.
"ఎవరి పేర్న ఉందట?"

తెల్లవారుజామున సీసా వెలుతురుకెత్తి చూశాను.
నూనె నీళ్ళలా ఉంది. రంగు లేదు, వాసన లేదు.
ఏ సముద్రానికి అవతలో
ఓ పసిపిల్ల కొరికే బిస్కట్టులో
సిసెనాండో ఉండడు.
మంచిదే. ఆ పిల్ల దగ్గకూడదు.

నల్లపిండిని డ్రమ్ముల్లోకి దించి
నీళ్ళు చల్లి మూత బిగించాను.
వదిలేస్తే తనంతట తనే అంటుకుంటుందని
గోడ మీద ఎర్రక్షరాలు.
చేతులు సబ్బుతో మూడుసార్లు కడిగాను.
గోళ్ళ సందుల్లో కొంచెం మిగిలింది,
ఎవరి పేర్నా లేని నేల.