మూడో వేలు రాత్రి

రుఫిజి నది ఒడ్డున, వరిచేల నడుమ
నాలుగు గుంజల మీద మంచె.
సోమోయే పిన్ని పైన కూర్చుని
డబ్బా మోగించి అడవిపందుల్ని తోలేది.
పున్నమంటే ఆమెకు భయం లేదు.
వెన్నెల్లో గడ్డిపరక కదిలినా తెలిసిపోతుంది,
సింహానికి దాక్కునే నీడ దొరకదు,
జింకలు దాని పొట్ట ఎండబెడతాయి.
పందులంటావా, వస్తాయి. పందులదేముంది.

"లెక్క ఆ తర్వాతే" అనేది,
ఒక్కో రాత్రికి ఒక్కో వేలు మడుస్తూ.
పొద్దు గుంకుతుంది. చంద్రుడింకా రాడు.
ఆ మధ్య సందు
ఎసరు కాగి అన్నం ఉడికేంత, అంతే.
నాలుగు రోజుల ఆకలి
అందులోంచే నడిచి వస్తుంది.

బిందె మరిచానని
మ్షాము బాబాయి దిగింది మూడో వేలు రాత్రే.
నిచ్చెన ఆఖరి మెట్టు దాకా
ఈల వినబడిందట.

చంద్రుడొచ్చాక
అన్నీ స్పష్టంగా కనబడ్డాయి:
బిందె, ఒక చెప్పు,
వరి రెండు పాయలుగా వంగిన దారి.

నిండు చందమామను చూపించి
మా పిల్లలు చప్పట్లు కొడితే
పిన్ని తలెత్తి చూస్తుంది.
"బాగానే ఉన్నాడు.
రేపట్నుంచి ఆలస్యంగా వస్తాడు.
నీళ్లు ఇప్పుడే తెచ్చుకోండి."