జానెడు

సోమశిల రేవుల లాంచీ ఎక్కినంక
మొదటి పూటంతా గేజీ కోసం వెతికిన.
లస్కరుగ ముప్పై రెండేండ్ల అలవాటు.
నీళ్లు కనపడితే పక్కన తెల్లపలక ఉండాలె,
పలక మీద నల్లగీతలు ఉండాలె,
పొద్దుగాల ఆరింటికి చదివి పుస్తకంల ఎక్కించాలె.

ఇక్కడ పలక లేదు.
గుట్ట నడుముకు తెల్లటి చార ఒకటుంది.
నిరుడు నీళ్లు ఆడిదాక వచ్చి, నిలబడి, పోయినయట.
"గదే మా గేజీ" అన్నడు కుర్మయ్య
చుక్కాని మోకాలితో ఒత్తిపట్టి బీడీ ముట్టించుకుంట.

మూడు దినాల ప్రయాణం.
తొందరగ పోతే ఒక్క పూటల శ్రీశైలం తేలుతదట.
మణెమ్మే అడ్డం పడ్డది:
"నౌకరీల ఒక్కనాడన్న నిమ్మళంగ కూసున్నవా?
కిరాయి నాది, పాలమ్మిన పైసలు.
మెల్లగ పోనియ్యి తమ్మీ."

ఇంజను దగ్గు తగ్గింది.
ఒడ్డు కదులుతుంది, నేను కదలను.
అంతా ఉల్టా.
హాలియా కాడ తూము మీద నేను నిలబడేటోన్ని,
నీళ్లే పోయేటివి
ఎవరి పొలానికో, నాకు వీపు చూపించుకుంట.

రెండో నాడు, రెండు గుట్టలు దగ్గరికి జరిగినకాడ
కుర్మయ్య ఫోనుల ఒక దేశం చూపించిండు.
స్వీడనట.
ఆడ కాల్వలల్ల పడవలు మెట్లెక్కుతయి!
ఎనక గేటు మూస్తరు, నీళ్లు నింపుతరు,
పడవ పెనం మీది రొట్టె లెక్క ఉబ్బి పైకొస్తది,
ముందు గేటు తెరుస్తరు.
లోపల ముసలోళ్లు చాయ తాగుకుంట
గేటు కాడి మనిషికి చెయ్యి ఊపుతున్నరు.
ఆ మనిషినే మళ్ల మళ్ల చూసిన.
నీలం కోటు. నా లెక్కనే చక్రం తిప్పుతున్నడు.
నాకెవ్వరు చెయ్యి ఊపలే.
ఊపినోళ్లు లేకపోలే గని
అవి పిడికిళ్లు.

చీకటి పడంగ చేపలోళ్ల గుడిసెల కాడ కట్టేసినం.
సముద్రం పక్క నుంచి వచ్చినోళ్లు,
ఏడాదిల ఎనిమిది నెలలు ఈ గట్టు మీదనే.
అప్పలకొండ అనే ఆమె జెల్లల పులుసు పోసింది.
మణెమ్మ మూటిప్పి జొన్నరొట్టెలు తీసింది.
ఆమె మాట మాకు సగం, మా మాట ఆమెకు సగం.
రెండు సగాలు కలిపి
కారం ఎక్కువైందని ఒప్పుకున్నం.

నిద్ర పట్టలే.
ఇంజను లేకుంటే నీళ్లకు ఇంత సప్పుడుంటదని తెల్వదు,
లేగదూడ చెక్కను నాకుతున్నట్టు.
ఇవి నా కాల్వకు రాకముందరి నీళ్లు.
ఇంకా ఎవ్వరు లెక్కపెట్టనివి.
క్యూసెక్కు కానివి, వంతు కానివి,
ఒకరి పేరు మీద రాయనివి.

అప్పుడు యాదికొచ్చిండు సైదులు.
ఆయకట్టు తోకకాడి సైదులు.
వరి పొట్టకొచ్చిన నెల. నడిజాము.
టార్చిలైటు నా కండ్లల్ల పడకుండ
నేలకు వంచి పట్టుకొని నిలబడ్డడు.
"సారూ, జానెడు లేపు. ఒక్క జానెడు."
వంతు ఆయనది కాదు.
ఆర్డరు కాయితం నా జేబుల ఉంది.
లేపలే.
తిట్టలే ఆయన.
టార్చి ఆర్పి, గట్టెమ్మటి చీకట్లనే పోయిండు
వెలుతురు దండుగెందుకు అన్నట్టు.

లేచి, పడవ అంచు మీద బోర్ల పండుకొని
చెయ్యి నీళ్లల్ల పెట్టిన.
బొటనేలు నుంచి చిటికెనేలు దాక
ఎంత చాపొస్తే అంత చాపిన.
గింతే.

తెల్లారి తాడు ఇప్పుకుంట కుర్మయ్య అడిగిండు,
"ఏం సారూ, రాత్రి నీళ్లు ఎక్కినయా, దిగినయా?"
"చూడలే" అన్న.

అబద్ధం.
పండుకునే ముందు ఒడ్డున రాయి పెట్టి గుర్తు చేసుకున్న.
జానెడు దిగినయి.
ఎక్కడనో, ఎవరో లేపిండ్రు.