బరువు గడి

రాత్రి డ్యూటీ నాది,
జడ్చర్ల దాటి కల్వకుర్తి తోవల రెండో ధర్మకాంట.
పల్లికాయ లారీ ఎక్కితె ఇనుప పలక మూలుగుతది,
ఎర్రంకెలు ఉరికి ఉరికి ఒక్కకాడ నిలవడ్తయి.
చీటి చింపిచ్చి అరవై రూపాయలు తీసుకుంట.

డాటా అయిపోయిన ఒక రాత్రి
ఎవరిదన్న వైఫై దొరుకుతదేమో అని ఫోన్ తెరిస్తె
రోడ్డు మీది బండ్లు తమ పేర్లు చెప్పుకుంట పోతున్నయి.
ఒక్కటి కూడ తాళం తియ్యదు,
పేరు మాత్రం దాచుకోదు.

స్పీడుబ్రేకరు కాడ కల్వకుర్తి బస్సు నెమ్మదిస్తది,
మూడు గీతలు, రెండు, ఒకటి, లేదు.
లోపల నోళ్లు తెరిచి నిద్రవోయేటోళ్లకు తెల్వదు
వాళ్ల బస్సు నన్ను పలకరించి పోయిందని.
బ్యాంకోళ్ల డబ్బుల బండి ఒకటుంటది.
దానికి పేరు వెట్టినోడు ఎవడో గాని హుషారు,
"బియ్యం సంచి" అని వెట్టిండు.
అది పోయినప్పుడల్లా ఒక్కదాన్నే నవ్వుకుంట.

జిన్నింగు మిల్లు గోడ అవతల మలుపున్నది.
ఆ మలుపు కాడ లైటు కనవడకముందే,
నాలుగు ఊపిర్ల ముందు,
నా అరచేతిల ఒక పేరు లేస్తది:
ఏఎంబీ జేసీఎల్ సున్నా ఏడు.
డ్రైవర్ కుర్మయ్య రాత్రిపూట సైరన్ కొట్టడు,
తండాల పసిపిల్లలు లేస్తరంటడు.
అందుకని నేనే లేస్త.
కాంటకు అడ్డమున్న లారోళ్లను జరగమని చెయ్యి ఊపుత.
"నీకు ముందుగాల ఎట్ల తెలుస్తది మణెమ్మా?" అని
ఒకపాలి కిటికీలకెంచి అరిచిండు.
జవాబు చెప్పేలోపల బండి లేదు.

కార్తీకంల పొగమంచు పడ్డ రాత్రి
ఎవరినో పెద్దాసుపత్రిల దించి ఒట్టిగ మర్లుతుంటె
లైటు లేకుంట ఆగిన మక్కల లారీని గుద్దిండు.
పోలీసోళ్లు బండిని గుంజుకొచ్చి
మా కాంట పక్క ఖాళీ జాగల వెట్టిన్రు.
మూతి లోపలికి వోయింది, అద్దం ఉప్పురవ్వలైంది,
ఇంజన్ల ఊపిరి లేదు.

ఆ రాత్రి రెండున్నరకు ఫోన్ తెరిచిన.
ఏఎంబీ జేసీఎల్ సున్నా ఏడు. నిండ గీతలు.
చెప్పులు తొడగకనే ఉరికి చెయ్యి ఊపిన,
"జరుగున్రి, జరుగున్రి!"
సిమెంటు లారీ డ్రైవరు దిగి చూసిండు
ఖాళీ రోడ్డు దిక్కొకసారి, నా దిక్కొకసారి.

వెనుక బ్యాటరీ బతికున్నదంట.
డబ్బకు ఎవలూ చెప్పలె బండి అయిపోయిందని.

మూడోనాడు చంకకర్రతోని కుర్మయ్య వచ్చిండు,
సీటు కింద టిఫిన్ డబ్బ, బిడ్డకు కొన్న రబ్బరు చెప్పులు
తీస్కపోనీకె.
ఫోన్ చూపెట్టిన.
శానసేపు చూసిండు.
"గిట్ల తెలుస్తుండెనా నీకు" అన్నడు.
వైరు పీకుతవా అని అడిగిన.
తలకాయ అడ్డంగ ఊపిండు.
కాంట మీదికెంచే నడిచిపోయిండు, చూసుకోలె.
ఎర్రంకెలు ఉరికి ఉరికి
డెబ్బై కాడ ఆగినయి,
చంకకర్ర, టిఫిన్ డబ్బ, చెప్పులు అన్నీ కలిపి.

ఇంకో రాత్రి తెల్లారుగట్ల గీతలు తరుగవట్టినయి.
లారీలేవీ లేవు. చలి.
ఒక్క గీత మీద బాగసేపు నిలవడ్డది,
తాగుబోతు గడప కాడ నిలవడ్డట్టు.
నేను బీడీకట్ట కోసమొచ్చిన హమాలితోని మాట్లాడి
మళ్లీ చూసెవరకు
పాలబండి పేరొక్కటే ఉన్నది.

చీటి పుస్తకం తీసి
బండి నంబరు గడిల ఆ పేరు రాసిన.
బరువు గడిల ఏం రాయాల్నో తోచలె,
ఇడిసిపెట్టిన.

పొద్దుగాల ఓనరు లెక్క చూసుకుంట
ఈ చీటికి పైసలేవి అన్నడు.
నా జీతంల పట్టుకోమన్న.