ఖాళీ బరువు

గ్రీమ్స్‌పేటలో స్టీలు సామాన్ల అంగడి మీద
మెట్లెక్కితే పళ్ల డాక్టరు.
తెర మీద మా జోషిత దవడ
నీలంగా, నిజం కంటే పెద్దదిగా.
కింద రెండు పళ్లు అడ్డంగా పడుకోనుండాయి,
తోతాపురి సీజన్లో గేటు ముందర
డ్రైవర్లు వదిలేసి టీకి పోయిన లారీల మాదిరి.

జ్ఞానదంతాలంట.
పదిహేడేళ్లకే వచ్చేసినాయి,
చోటుందో లేదో చూసుకోకుండా.

డాక్టరమ్మ రెండు దారులు చెప్పింది.
చిగురుకు సూదేస్తే మొద్దుబారుతుంది,
మెలకువ ఉంటుంది.
నొప్పి ఉండదు గానీ చప్పుడు ఉంటుంది.
లేదంటే చేతి నరానికి మందు.
శనివారాలు వేలూరు నుంచి మత్తు డాక్టరు వస్తాడు,
పాప మగతలో ఉంటే
పక్కనే కూర్చుని ఊపిరి చూసుకుంటాడు.
"తర్వాత గుర్తుండదు" అనింది.
ఖర్చు కూడా చెప్పింది,
కొంచెం గొంతు తగ్గించి.

నేను మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో కాటా మనిషిని.
నిండు బండి తూస్తాను, ఖాళీ బండి తూస్తాను,
తేడా రాసిస్తాను.
ఇరవై రెండేళ్లుగా ఇదే లెక్క.
ఆ రాత్రి మాత్రం అంకె నిలవలేదు.

నా పన్ను పీకింది కాంపౌండరు గోవిందు,
బంగారుపాళ్యంలో, కిరసనాయిలు దీపం కింద.
తల మా పెదనాయన మోకాళ్ల మధ్య.
కటుక్కుమన్న ఆ చప్పుడు
ఇప్పటికీ కుడి చెవిలోనే కాపురం.
అందుకే నిద్రే మేలన్నాను.
సులోచన ఒప్పుకోలేదు.
"బిడ్డను నిద్రపుచ్చేది నాకూ తెలుసు.
ఇది నేను లేపితే లేచే నిద్రేనా?"

ఇద్దరం గుసగుసగా కొట్లాడుకుంటుంటే
వాచిన చెంప పట్టుకుని వచ్చి నిలబడింది:
"పన్ను ఎవురిది?"

మరుసటి రోజు
ఫిజిక్స్ నోటుపుస్తకం వెనక రాసుకొచ్చింది.
ఎన్ని గంటలు ఏమీ తినకూడదు?
ఊపిరి చూసే ఆయన ఊపిరొక్కటే చూస్తాడా,
మధ్యలో వేరే పని చేస్తాడా?
చలికాలం నాకు పిల్లికూతలొస్తాయి,
ఆ మందు పడుతుందా?

పిల్లికూతల సంగతి నేను చెప్పనే లేదు.
మరిచిపోయినాను.
డాక్టరమ్మ అప్పుడు కుర్చీ
నా వైపు నుంచి దాని వైపు తిప్పుకునింది.

"నిద్రే కావాల" అనింది జోషిత చివరకు.
"నాకు భయం.
దాన్ని కూర్చోబెట్టి అన్నీ చూపించాల్సిన పని లేదు."

కాగితంలో సంతకం నాదే చెల్లుతుందంట,
పద్దెనిమిదికి ఇంకా నాలుగు నెలలుంది.
నా పేరు కింద మిగిలిన తెల్లజాగాలో
అది కూడా రాసింది, తెలుగులో.
ఎవురూ వద్దనలేదు.

శనివారం.
బిడ్డ మంచినీళ్లు కూడా ముట్టలేదని
వాళ్లమ్మ కాఫీ తాగలేదు.
నేను తాగినాను. బయట, దాక్కుని.
నలభై నిమిషాలు.
కింద అంగట్లో తట్టలు జారిపడితే
నా దవడ బిగుసుకునింది.

పిలిచినారు.
నోట్లో దూది, సగం మూసిన కళ్లు,
నా బొటనవేలు పట్టుకుని ముద్దముద్దగా
"నాయనా, నా నాలిక తూకం వెయ్యి.
చానా బరువుండాది.
ఖాళీ బండి బరువు తీసెయ్యి" అని
నా చొక్కా మీద ఎర్రగా చొంగ కార్చింది.

సాయంత్రం చల్లారిన రాగిజావ స్పూనుతో తాగుతా
"నేనేమన్నా వాగినానా?" అనింది.
ఏమీ లేదన్నాను.
దానికి గుర్తులేనిది ఒకటి
నా దగ్గర ఉండనీ.

సోమవారం తెల్లారుజామున
మాత్రల డబ్బీలో ఆ రెండు పళ్లూ
అరవై టన్నుల కాటా మధ్యలో పెట్టి చూసినాను.
వేర్లు కొక్కేల మాదిరి వంగుండాయి.
తెర మీద సున్నా.
వంగి ఇంకోసారి చూస్తున్నాను,
వెనకాల లారీ హారన్ కొట్టింది.