శ్రమల దినాల్లో గానుగ కాడ

పూతలపట్టు గానుగ కాడ
పెనంలో పాకం పొంగతా ఉంది.
నలభైలో ఇది పంతొమ్మిదో రోజు.
మూసుకున్న నోట్లోకి
తీపి ఆవిరి దానికదే వస్తా ఉంది.

పొద్దున సద్ది కట్టుకుంటుంటే
"తిననిదానికి సంగటెందుకే?" అన్నాడు మా ఆయన.
నాకూ తెలీదు.

మధ్యాన్నం
పొయ్యిలోకి చెరుకుపిప్పి ఎగేసే ఒడిశా పిల్లోడు
చెంబుడు నీళ్లు తాగి
కడుపు మీద చెయ్యేసుకున్నాడు.
రెండు నెల్లుగా పక్కనే ఉన్నాడు.
ఆ చెయ్యి ఈపొద్దే కనబడింది.

ముద్ద పెడితే
ఊరిబిండి కారమని మొగం చిట్లించినాడు,
మళ్లీ అడిగినాడు.

రాత్రి ప్రార్థనలో పాస్టరమ్మ:
"ఏం విడిచిపెట్టినావు సలోమీ?"

తీపి, అంటిని.

కోకంతా బెల్లం వాసన.